ముందు రోజు రాత్రి పది నిమిషాలు



గత నెలలో ఒక సోమవారం, మొదటి పీరియడ్. నాలుగో తరగతి పిల్లవాడు ఒకడు బెంచీ మీద తల వాల్చి కూర్చున్నాడు. ఒంట్లో బాగాలేదేమోనని దగ్గరకు వెళ్లి, "పొద్దున ఏం తిన్నావు నాన్నా?" అని అడిగాను. వాడు జేబులోంచి యాభై రూపాయల నోటు తీసి చూపించాడు. "డాడీ ఇచ్చారు మేడమ్. షాపుకు వెళ్లేలోపే బస్సు వచ్చేసింది" అన్నాడు. స్టాఫ్ రూమ్‌లో ఉన్న అరటిపండు, నాలుగు బిస్కెట్లు పెడితే కాసేపటికి లేచి కూర్చున్నాడు.

ఆ ఇంట్లో డబ్బు ఉంది, పిల్లవాడంటే ప్రేమా ఉంది. "రేపు పొద్దున వీడేం తింటాడు?" అని ముందు రోజు రాత్రి ఎవరూ అనుకోలేదు, అంతే.

ఇంకా పిల్లలే లేని ఈ టీచర్ మాకు చెబుతోందా అని మీరు అనుకోవచ్చు. నిజమే. కానీ ఈ తప్పు నేనూ చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో హాస్టల్లో ఉండేదాన్ని. స్కూలుకు వచ్చే దారిలో బండి దగ్గర ఇడ్లీ 40 రూపాయలు, టీ 15. బస్సు తప్పిపోయిన రోజు ఆటోకు 80. ఏదీ పెద్ద ఖర్చుగా కనిపించేది కాదు. ఫోన్‌తో స్కాన్ చేస్తుంటే చేతిలోంచి నోటు పోతున్నట్టు కూడా ఉండదు కదా. ఒక నెలాఖరున, బీఈడీ ఫీజు కోసం తెచ్చిన అప్పు వాయిదాకు 2,000 తక్కువ పడి అమ్మను అడిగాను. అమ్మ మారుమాట లేకుండా పంపింది. ఆ రాత్రి నిద్ర పట్టక, ఫోన్‌లో ఆ నెల చెల్లింపులన్నీ తీసి కాగితం మీద కూడాను. టిఫిన్, టీ కలిపి 24 రోజులకు 1,320. ఆటో ఎనిమిది సార్లు, 640. మొత్తం 1,960. అమ్మ దగ్గర తీసుకున్నదీ దాదాపు అంతే.

అందులో సరదా కోసం పెట్టిన రూపాయి ఒక్కటీ లేదు. అంతా నా ఆలస్యానికి నేను కట్టిన జరిమానా. అప్పటి నుంచి నా అభిప్రాయం ఒకటే: ఉదయం ఏం కొనాలో ఉదయం 7.40కి నిర్ణయించకూడదు. ఆ టైంకి ధర చూసే ఓపిక ఎవరికీ ఉండదు. ఏది దొరికితే అదే కొంటాం.

మీ ఇంటి లెక్క మీరే వేసి చూడండి. ఒక పిల్లకు పొద్దున పూట బయట కొనేవి రోజుకు 40 రూపాయలు అనుకుందాం. 24 పనిదినాలకు 960. ఇద్దరు పిల్లలైతే 1,920. పది నెలలకు 19,200. ఆ అంకెను బస్సు ఫీజు రసీదు పక్కన పెట్టి చూడండి.

మరి ఏం చేయాలి? ముందు టిఫిన్ సంగతి. గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ. శనివారం మధ్యాహ్నం నానబెట్టి సాయంత్రం రుబ్బితే ఆదివారం ఇడ్లీకి పిండి సిద్ధం. మిగిలింది ఫ్రిజ్‌లో పెడితే సోమవారానికీ వస్తుంది. మంగళవారానికి కాస్త పులిస్తే దిబ్బరొట్టె వేయండి. బుధవారం పెసరట్టు: పెసలు రాత్రి నానబోస్తే చాలు, పులియబెట్టే పని లేదు. గురువారం ఉప్మా. రవ్వ ఆదివారమే వేయించి డబ్బాలో పోసుకుంటే పావుగంట పని. చట్నీకి టైం లేని రోజు కందిపొడి, నెయ్యి ఉండనే ఉన్నాయి. పిండి రుబ్బే వీలు లేకపోతే కొన్న పిండి తెచ్చుకోండి, తప్పేం లేదు. నలుగురూ హోటల్లో తినే ఖర్చు కంటే అదీ తక్కువే.

ఇక స్నాక్స్. ఇప్పుడు చాలా ప్యాకెట్ల మీద గ్రాముకు ఎంత పడుతుందో కూడా ముద్రిస్తున్నారు. ఆ చిన్న అక్షరాలు చదివి కొనండి. పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ చౌక అనుకోవద్దు, కొన్నిసార్లు చిన్నదే చౌక. కొవ్వు, చక్కెర, ఉప్పు మోతాదు మించిన తిండిని బడి ప్రాంగణంలోనూ, చుట్టూ 50 మీటర్ల లోపలా పిల్లలకు అమ్మకూడదని 2020లోనే ఆహార భద్రతా నిబంధనలు వచ్చాయి. మన సందు చివరి కొట్టు దగ్గర మాత్రం మనమే చూసుకోవాలి. ఒక పండో, ఉడికించిన శనగలో, పల్లీ ఉండో రాత్రే డబ్బాలో పెట్టేస్తే ఆ కొట్టు దగ్గర ఆగే పని ఉండదు.

మూడోది, "అమ్మా, ఇవాళ చార్టు తీసుకెళ్లాలి" అని పొద్దున ఏడింటికి వినిపించే మాట. వెంటనే యాప్‌లో ఆర్డర్, పది రూపాయల చార్టుకు పైన డెలివరీ చార్జీ. ఇందులో మా టీచర్ల తప్పూ ఉంది. సాయంత్రం ఆలస్యంగా గ్రూపులో మెసేజ్ పెట్టి చేతులు దులుపుకొంటాం. అందుకే నా తరగతిలో ఏ వస్తువు కావాలన్నా రెండు రోజుల ముందే డైరీలో రాయిస్తున్నాను. ఆ డైరీ రోజూ రాత్రి తెరిచి చూడడం మీ వంతు.

ఇదంతా చదివి ఏ అమ్మ అయినా "మళ్లీ నాకే పని" అనుకుంటే, నేను సరిగ్గా చెప్పలేదని అర్థం. ఈ పది నిమిషాలు ఇంట్లో అందరివీ. బ్యాగు, బెల్టు, ఐడీ కార్డు, వాటర్ బాటిల్ సర్దుకోవడం ఎనిమిదేళ్ల పిల్లలకు వచ్చు. నాన్నగార్లకు ఒక మనవి: పెసలు నానబోయడానికి ఏ డిగ్రీ అక్కర్లేదు. నెలకోసారి అందరూ కలిసి బయట పూరీ తినండి, హాయిగా తినండి. అదీ ముందే అనుకుని వెళ్లండి.

ఒక్క వారం ప్రయత్నించండి. పొద్దున పెట్టిన ప్రతి రూపాయీ పిల్లల చేతే రాయించి, వాళ్లతోనే కూడించండి. నేను చెప్పేది ఇంగ్లిష్ అయినా, వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కు ఆ లెక్కల కాగితం తెస్తే సంతోషంగా చూస్తాను.

ఆ పిల్లవాడి నాన్నగారితో ఫోన్‌లో మాట్లాడాను. ఆయనది నైట్ డ్యూటీ, ఇల్లు చేరేసరికి ఏడవుతుంది. కాసేపు ఏమీ అనలేదు. ఇప్పుడు డ్యూటీకి వెళ్లే ముందే ఒక డబ్బాలో అరటిపండు, రెండు పల్లీ ఉండలు సర్ది బ్యాగులో పెడుతున్నారట. ఆ యాభై నోటు ఏమైందని వాడినడిగితే పెన్సిల్ బాక్స్ తెరిచి చూపించాడు. సైకిల్ కొనుక్కోవడానికి దాచాడట.

— ఇంగ్లిష్ ఉపాధ్యాయిని, ప్రాథమిక విభాగం