కమ్మరి యనుట నిందయా?

మా పాఠశాలలో పదవ తరగతి చదువుచున్న యొక బాలుడు వార్షికోత్సవ నాటకమునకై పాత సైకిలు గొలుసులతోను సీసామూతలతోను రాజవేషము కూర్చెను. చూచినవారెల్లరు మెచ్చుకొనిరి. కాని దుస్తుల రూపకల్పననే చదువుకొందునని వాడింట చెప్పగా, తండ్రి “దర్జీపనికా నిన్నింతవరకు చదివించినది?” అని గద్దించెనట. ఆ తండ్రి మూర్ఖుడు కాడు, విద్యాధికుడు, శ్రమగౌరవమును గూర్చి సభలలో ఎవరు మాటలాడినను చప్పట్లు కొట్టువాడు. అందుచేతనే మేమీ వ్యాసము వ్రాయవలసివచ్చినది.

ఆ బాలుని పనిని చూచినపుడు మాకు స్ఫురణకు వచ్చినవాడు పాకో రబాన్. ఇతడు 1934 లో స్పెయిను దేశపు బాస్కు ప్రాంతమున జన్మించెను. తండ్రి రిపబ్లికు పక్షమున సైన్యాధికారి. అంతర్యుద్ధములో ఫ్రాంకో సైనికులచేత హతుడయ్యెను. తల్లి, బాలెన్సియాగా అను ప్రఖ్యాత వస్త్రశిల్పి కర్మశాలలో కుట్టుపనివారికి పెద్ద. 1939 లో ఆ కుటుంబము ఫ్రాన్సు చేరెను. పెరిగి పెద్దవాడై ఇతడు పారిసు నగరమున భవననిర్మాణశిల్పమును అభ్యసించెను. గొప్ప గొప్ప వస్త్రశిల్పులకు బొత్తాములును ఆభరణములును చేసియిచ్చుచు చేతిపనిలో ఆరితేరెను.

1966 లో తొలిసారి తన పేరు వెలయునట్లు చేసిన ప్రదర్శనకు ఇతడు పెట్టిన పేరు వినుడు: నవీనపదార్థములతో చేసిన, ధరింపరాని పండ్రెండు దుస్తులు! అందు ప్లాస్టిక్కు బిళ్లలు, లోహపు రేకులు ప్రధానములు. సూదికి మారు పట్టకారు. దారమునకు మారు లోహపు కొలుకులు. రేకు తనంత తాను వంగదు. కాని చిన్న బిళ్లలను కొలుకులతో నొండొంటికి తగిలించినచో ప్రతి బిళ్లయు తన కొలుకుమీద కదలును. అప్పుడు కఠినమైన లోహమే శరీరముననుసరించి జారును. పూర్వకాలపు యోధుల గొలుసుకవచములలోని కిటుకిదియే. ఇతడు దానిని యుద్ధభూమినుండి నృత్యశాలకు తెచ్చెను. మరుసటి యేడు కాగితముతోను ఉడుపులు చేసెను.

నాటి పారిసు వస్త్రప్రపంచమున రాణివలె నుండిన కోకో షనెల్ ఇతనిని వస్త్రశిల్పి కాడని, లోహపుపనివాడని ఈసడించినట్లు ప్రసిద్ధి. మన తెలుగున చెప్పవలెనన్న, “వీడు కమ్మరి” యనుట. అయ్యా, కమ్మరి యనుట నింద యెట్లయ్యెను? ఆమె మాత్రము అనాథాశ్రమమున సన్న్యాసినులయొద్ద కుట్టుపని నేర్చిన పేదబాలిక కాదా? అంతకుమునుపు పురుషుల లోదుస్తులకు వాడుచుండిన జెర్సీ బట్టతో ధనికస్త్రీలకు ఉడుపులు కుట్టి మెప్పించినది ఆమెయే కాదా? తాను మెట్టెక్కిన వెంటనే నిచ్చెనను లాగివేయుట మనుష్యస్వభావము కాబోలు. మన దేశమున ఆ నిచ్చెనను ఒక వ్యక్తి గాక కులమే లాగివేసినది. కమ్మరి, కంచరి, సాలె, దర్జీ: వీరి చేతులలోని విద్యను దినదినము అనుభవించుచు, ఆ పేళ్లనే తిట్లుగా వాడుచున్నాము. అరువదినాలుగు కళలలో సూదిపనిని లెక్కించిన శాస్త్రమును కంఠస్థము చేసిన మనమే, ఇంటి పిల్లవాడు సూది పట్టినచో తలవంపులని తలచుచున్నాము!

“ధరింపరాని దుస్తు దుస్తెట్లగు?” నని కొంద రడుగవచ్చును. వల్కలములు ధరించిన సీతమ్మను, శకుంతలను ఎరిగిన మనకు, వస్త్రమన నూలే కావలెనన్న నియమ మెక్కడిది? నేసినదంతయు కట్టుకొనుటకే కాదు, కొన్ని ఆలోచించుటకు. దుస్తు దేనితో చేయవలెనను ప్రశ్నను అందరి కన్నులయెదుట నిలుపుటకే ఇతడా పండ్రెండింటిని చేసెను; ధరింపరానివని తానే చెప్పుకొనెను గాని, మోసగింపలేదు.

మేమితని భక్తులము కాము. నాడు వింతయైన ప్లాస్టిక్కు నేడు కాలువలను పూడ్చుచున్నది. వాడి పారవేయు ఉడుపును మేము మెచ్చజాలము. 1999 ఆగష్టు సూర్యగ్రహణమునాడు మీర్ అంతరిక్షకేంద్రము పారిసుపై కూలునని ఇతడు జోస్యము చెప్పెను. గ్రహణము వచ్చెను, పోయెను, పారిసు చెక్కుచెదరలేదు. చేతిపనిలో ప్రతిభ కలవాని ప్రతిమాటయు వేదము కాదని ఇందువలన తెలియుచున్నది. కాని వాని జోస్యము తప్పినందున వాని పట్టకారు తప్పుపని చేసినదనరాదు. 2023 ఫిబ్రవరిలో ఎనుబదియెనిమిదవ యేట ఇతడు మరణించినపుడు లోకము తలచుకొన్నది ఆ లోహపుపనినే.

ఇప్పుడు మన గృహస్థు లందురు: “అతడు పారిసులో పేరుపొందెను, కావున గొప్పవాడే.” ఇదియే మా అసలు ఫిర్యాదు. పరదేశమున కీర్తి వచ్చిన పిమ్మట మ్రొక్కుటకు వివేకమేల? ముప్పదియేండ్లు నిండిన యొక కమ్మరిని పొగడుట సులభము. పదునైదేండ్ల కుఱ్ఱవాని చేతిలో పట్టకారు చూచి ఊరకుండుట కష్టము. హైదరాబాదున 1995 లోనే జాతీయ ఫ్యాషన్ సాంకేతిక విద్యాసంస్థ వెలసినది. ద్వారము తెరచియే యున్నది. మూసియున్నది మన నడవ తలుపే.

ప్రతి పిల్లవాడును పాకో రబాన్ కాగలడని మేము చెప్పుట లేదు, పెక్కురు కాజాలరు. ఇంజనీరింగు చదివినవారెల్లరు గొప్ప ఇంజనీర్లగుచున్నారా? తప్పుటకు అక్కడ నున్న స్వేచ్ఛ ఇక్కడ నేల లేదని మాత్రమే మా ప్రశ్న. ఆ రాజవేషమును బాలుడు మా పాఠశాల బీరువాలో దాచి వెళ్లినాడు. ఇంట నుంచిన పాతయినుమువానికి పోవునని వాని భయము. ఆ తండ్రిగారు ఈ పత్రిక చదువుదురని యెరుగుదుము. ఒక్కమారు వచ్చి, ఆ గొలుసులను చేతబట్టి చూడవలెనని వారిని వేడుచున్నాము.