బిడ్డలతో లోహాన్వేషణము

ఇంగ్లండునందు కాపురమున్న యొక సోదరి మాకిట్లు వ్రాసియున్నారు: "మా తొమ్మిదేండ్ల బాలునికి లోహములను కనిపెట్టు యంత్రమొకటి కొనియిచ్చితిమి. మొన్నటి ఆదివారమున ఒక రైతు సెలవు గైకొని ఆయన పొలమున తల్లీకొడుకులము వెదకుచుండగా చిన్న వెండినాణెము దొరకినది. పిల్లవాడు దానిని జేబులో వేసికొని, ఎవ్వరికిని చెప్పవలదని నన్ను బ్రతిమాలుచున్నాడు. ఇంత చిన్న వస్తువును ఉంచుకొన్న దోషమేమి?"

నాణెము చిన్నదే. ప్రశ్న మాత్రము చిన్నది కాదు.

ముందుగా ఈ వినోదమును గూర్చి కొంత చెప్పెదము. దినమంతయు ఫోను తెరకు అంటుకొనియుండు బిడ్డను ఆరుబయటికి రప్పించి, తల్లితో కలసి నడపించు వేడుక మంచిదే. మెటల్ డిటెక్టరను ఈ యంత్రము పొడవైన కఱ్ఱ చివర పళ్లెము బిగించినట్లుండును. పళ్లెములోని తీగచుట్టయందు మాఱుచుండు విద్యుత్ప్రవాహము అయస్కాంతశక్తిని నేలలోనికి పంపును. అచట లోహమున్నచో దానియందు సన్నని ప్రవాహములు పుట్టును. వానిని యంత్రము పసిగట్టి ధ్వనిచేయును. 1881వ సంవత్సరమున అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డు దేహమున దిగిన తుపాకిగుండును వెదకుటకు, టెలిఫోను నిర్మించిన గ్రాహంబెల్లు ఇట్టి సాధనమునే ప్రయోగించెను. కాని గుండు దొరకలేదు. ఈ కథ చెప్పినచో బిడ్డలు చెవియొగ్గి విందురు.

అభ్యాసము ఇంటి పెరటిలోనే ఆరంభింపవలెను. తల్లి ఒక నాణెమును, తాళపుచెవిని, డబ్బామూతను, ఇనుపమేకును వేర్వేరుచోట్ల బెత్తెడు లోతున పాతిపెట్టవలెను. బిడ్డ వాని ధ్వనిభేదములను గుర్తుపట్టవలెను. పళ్లెమును నేలకు దగ్గఱగా, సమముగా, తొందరపడక ఊపవలెను. పచ్చికబయలున త్రవ్వునప్పుడు గడ్డిని మూడువైపుల కోసి మూతవలె పైకెత్తి, పని ముగిసినపిదప మట్టిని నింపి మరల అదిమివేయవలెను. చేతులకు తొడుగులుండవలెను. దొరకువానిలో అధికభాగము మేకులు, గుండీలు, పానీయపు డబ్బాల మూతలునే. వానిని పొలమున విడువక ఇంటికి తెచ్చి చెత్తబుట్టలో వేయుటయు ఈ వినోదములోని భాగమే. బాంబునుగాని ఫిరంగిగుండునుగాని పోలినది కనబడినచో తాకక, దూరముగా తొలగి పోలీసువారికి తెలుపవలెను.

ఇక నాణెము మాట. ఇంగ్లండు న్యాయమున నేలలో దొరకిన వస్తువు సామాన్యముగా భూమిగలవారికే చెందును. వెదకుటకు సెలవిచ్చుట వేఱు, తీసికొనిపోవుటకు సెలవిచ్చుట వేఱు. కావున దొరకినదానిని ఎట్లు పంచుకొనవలెనో మొదటనే మాటాడుకొనుట మేలు. 1996 నాటి నిధిచట్టము ననుసరించి, మూడువందల ఏండ్లు దాటిన వెండిబంగారు వస్తువులనుగాని, అట్టి నాణెములు రెండైన కలసియున్న వానినిగాని కనుగొన్నవారు 14 దినములలో కారొనరను అధికారికి తెలుపవలెను. ఒంటినాణెము సాధారణముగా నిధి కాదు. ఐనను అట్టి వస్తువులను నమోదుచేయుటకు 1997లో ఆరంభమైన పథకపు ఉద్యోగులకు చూపినచో, అది ఏ కాలమునాటిదో వారు తెలిపెదరు. అంతవఱకు దానిని తోమరాదు. దొరకిన చోటును, తేదీని, లోతును బిడ్డచేతనే పుస్తకమున వ్రాయింపవలెను. చోటు తెలియని నాణెము చరిత్రకు అంతగా ఉపకరింపదు.

దీనికి 1992 నవంబరు 16వ తేదీన సఫోక్ మండలములోని హాక్సెన్ గ్రామమున జరిగిన యుదంతమే సాక్ష్యము. ఒక రైతు తన సుత్తి పొలమున పోయినదని చెప్పగా, ఆయన మిత్రుడు ఎరిక్ లాస్ యంత్రముతో వెదకబోయెను. సుత్తికి బదులు వెండిగరిటెలు, బంగారునగలు, నాణెములు బయటపడెను. ఆయన కొంత తీసి, మిగిలినదానిని కదలింపక అధికారులకు తెలిపెను. మఱునాడు పురావస్తుశాస్త్రజ్ఞులు వచ్చి జాగ్రత్తగా త్రవ్వగా, ఆ రోమనుకాలపు ధనము కొయ్యపెట్టెలో ఎట్లు సర్దియుండెనో తెలిసినది. నాణెములే సుమారు 15 వేలు. ప్రభుత్వము 17 లక్షల 50 వేల పౌనులు బహుమతిగా ఈయగా, లాస్ రైతుతో పంచుకొనెను. తరువాత దొరకిన ఆ సుత్తియు నేడు బ్రిటిషు మ్యూజియమున ఉన్నది! ఆయన ఆశపడి అంతయు పెకలించియున్నచో ధనము మిగిలెడిదేమో కాని కథ మిగిలెడిది కాదు.

మన దేశమునందలి సోదరీమణులకు ఒక హెచ్చరిక. ఇచట 1878 నాటి నిధిచట్టము ప్రకారము, పది రూపాయలకు మించిన విలువగల నిధి దొరకినచో కలెక్టరునకు వ్రాతమూలమున తెలుపవలెను. రక్షిత స్మారకముల ప్రాంతమున అనుమతిలేక త్రవ్వుట నేరము. పాతకోటలకును, పాడుపడిన గుళ్లకును ఈ యంత్రముతో బిడ్డలను కొనిపోవలదు. పెరటిలో మనము పాతిన వస్తువులను మనమే వెదకుకొను ఆటతో తృప్తిపడుదము.

ఆ సోదరికి మా ప్రత్యుత్తరమిది: అమ్మా, బిడ్డను మందలింపకుడు. వాని చేయి పట్టుకొని ఆ రైతువద్దకు పొండు. నాణెమును వానిచేతనే ఆయన అరచేత పెట్టింపుడు. ఆయన సంతోషించి తిరిగి ఇచ్చినచో అది బిడ్డకు నిజముగా సొంతమగును. ఈయకున్నను, దాచిన నాణెమును చూచినప్పుడెల్ల తల్లి కన్నులనుండి తప్పించుకొను దురవస్థ వానికి తప్పును.