పిన్ని గాజులూ... ఫుల్‌ఫ్రేమ్ కెమెరా!

మూడు నెలల కిందట తెనాలి నుంచి పిన్ని ఫోన్. ‘‘అమ్మాయ్, వీడికి ఫుల్‌ఫ్రేమ్ కెమెరా కావాలట. అది లేకపోతే పెళ్లిళ్లకు ఎవరూ పిలవరట. నా గాజులు తాకట్టు పెడదామనుకుంటున్నా. ఏమంటావ్?’’ పక్కనుంచి తమ్ముడి గొంతు... ‘‘నువ్వైనా చెప్పక్కా!’’

పేపర్లో పనిచేస్తే అన్నీ తెలిసిపోతాయని మావాళ్ల నమ్మకం. ఆ గాజులు బాబాయి గుర్తుగా మిగిలినవి. అందుకే చటుక్కున ‘సరే’ అనలేకపోయాను. మర్నాడు మా ఆఫీసు ఫొటోగ్రాఫర్ని కూర్చోబెట్టి అడిగాను.

ఏమిటీ ఫుల్‌ఫ్రేమ్?

36 ఫొటోల ఫిల్మ్ రోలు గుర్తుందిగా? అందులో ఒక్కో బొమ్మ 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 ఎత్తు. 1925లో మార్కెట్లోకి వచ్చిన లైకా కెమెరాతో బాగా వాడుకలోకి వచ్చిన కొలత అది. డిజిటల్ కెమెరాలో ఫిల్మ్ స్థానంలో ఉండేది సెన్సరు. అది కూడా అదే కొలతలో ఉంటే ఫుల్‌ఫ్రేమ్. చిన్న సెన్సర్లలో ఎక్కువమంది కొనేది ఏపీఎస్-సి. దాని కొలత సుమారు 23.5, 15.6 మిల్లీమీటర్లు. వైశాల్యంలో ఫుల్‌ఫ్రేమ్ దానికి దాదాపు 2.3 రెట్లు.

వాన పడేటప్పుడు వాకిట్లో గిన్నె పెడితే కొన్ని నీళ్లు, గంగాళం పెడితే ఎక్కువ నీళ్లు. వెలుగు సంగతీ అంతే. పెద్ద సెన్సరు ఎక్కువ వెలుగు పడుతుంది కాబట్టి మసక చీకట్లో తీసిన ఫొటోలో ఇసుక చల్లినట్టుండే చుక్కలు తగ్గుతాయి. వెనక దృశ్యం మరింత మసకబారి మనిషి ముందుకొచ్చినట్టు కనిపిస్తుంది.

మరి చిన్నది చిన్నచూపేనా?

కానే కాదు. 300 మి.మీ. లెన్సును ఏపీఎస్-సి కెమెరాకు తగిలిస్తే ఫుల్‌ఫ్రేమ్‌పై 450 మి.మీ. లెన్సు చూపించినంత దగ్గరగా చూపిస్తుంది. నేలపట్టు వెళ్లి గూడబాతులను తీసేవారికి ఇది వరమే. బరువూ తక్కువ, ధరా తక్కువ.

ఆల్బమ్ సంగతంటారా? 12×18 అంగుళాల పేజీకి, అంగుళానికి 300 చుక్కల చొప్పున 5400×3600 పిక్సెళ్లు చాలు. 24 మెగాపిక్సెళ్ల కెమెరా 6000×4000 ఇస్తుంది. సెన్సరు పెద్దదైనా, చిన్నదైనా!

అసలు కిటుకు లెన్సులో ఉంది. మామూలు జూమ్ లెన్సును పూర్తిగా ముందుకు లాగితే చాలావాటిలో ఎఫ్ 5.6 దగ్గర ఆగుతుంది. 50 మి.మీ. ఎఫ్ 1.8 లెన్సు అంతకన్నా దాదాపు 10 రెట్లు వెలుగును లోపలికి రానిస్తుంది. సెన్సరు మారిస్తే వచ్చే లాభం మాత్రం 2.3 రెట్లే. అంటే, ఉన్న డబ్బంతా ఫుల్‌ఫ్రేమ్ బాడీకి పోసి, చౌక జూమ్‌తో సరిపెట్టుకున్నవాడికన్నా, చిన్న కెమెరాకు మంచి లెన్సు కొన్నవాడికే చీకట్లో నయం.

అద్దెకు తెచ్చి చూశాం

తమ్ముణ్ని ఒక పెళ్లికి ఫుల్‌ఫ్రేమ్ అద్దెకు తీసుకోమన్నాను. స్నేహితుడి ఏపీఎస్-సి కూడా పట్టుకెళ్లాడు. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు రెండింటితోనూ తీశాడు. మండపంలో వీడియో లైట్లు ఉండనే ఉన్నాయాయె! ఆ ఫొటోల్లో ఏది దేనితో తీశాడో మేమెవరం పోల్చలేకపోయాం. తెల్లవారుజామున లైట్లు తీసేశాక జరిగిన అప్పగింతల్లో మాత్రం తేడా తెలిసింది. పెళ్లికూతురి తండ్రి ముఖం ఫుల్‌ఫ్రేమ్‌లో శుభ్రంగా వచ్చింది. రెండోదాంట్లో చుక్కలు తేలాయి.

వాడి పట్టుదలా తప్పు కాదన్నమాట. కాకపోతే ఆ తేడా రాత్రంతా కాదు, ఆ కాసేపే. రాత్రి పెళ్లిళ్లే జీవనాధారమై, బయానాలు వస్తున్నవారికి ఫుల్‌ఫ్రేమ్ దండగ కాదు. పిల్లల పుట్టినరోజులకు, విహారయాత్రలకు ఏపీఎస్-సి ధారాళంగా చాలు. ముందుముందు మారే ఉద్దేశం ఉంటే, అదే కంపెనీ ఫుల్‌ఫ్రేమ్‌కూ పనికొచ్చే లెన్సులే కొనండి. చిన్న సెన్సరు లెన్సును 24 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్‌కు పెడితే చేతికొచ్చేది సుమారు పదే!

తమ్ముడు చివరికి వాడిన ఏపీఎస్-సి ఒకటి, మంచి లెన్సులు రెండు కొన్నాడు. రాత్రి పెళ్లి ఒప్పుకుంటే పెద్దది అద్దెకు తెస్తున్నాడు. ఆ అద్దె బయానాలోనే గిట్టుబాటవుతోంది.

మొన్న పిన్ని ఒక ఫొటో పంపింది. వంటింట్లో, కిటికీ వెలుగులో పూరీలు వత్తుతోంది. ‘‘నా గాజులు ఎంత బాగా పడ్డాయో చూశావా?’’ అంది. సెన్సరు ఎంతదో ఆవిడ అడగలేదు, నేనూ చెప్పలేదు!