రిమోటు కొనేముందు ఒక్క మాట

మా మనవడి రేడియో కారుకు ట్రాన్స్‌మిటర్ ఎంచవలసివచ్చినది. "ప్రసారిణి అందామా?" అన్నాను. వాడు నవ్వి, "రిమోటే తాతయ్యా" అన్నాడు. సరే, ప్రయోగశరణం వ్యాకరణమన్నారు గదా!

మొదట చవకైనదొకటి కొన్నాను. నరసరావుపేటలో మా వీధిలో నడుపుతుండగా సంకేతం తెగిపోయినది. కారు ఆగలేదు, అదే వేగంతో పెద్దరోడ్డెక్కినది. ఎదురుగా లారీ. వాడు కారు వెంట పరుగెత్తాడు. చొక్కా దొరకబుచ్చుకొని లాగాను. ఫెయిల్‌సేఫ్ అంటే ఏమిటో నాకు ఆనాడు తెలిసినది: సంకేతం అందనప్పుడు రిసీవరే కారును ఆపే ఏర్పాటు.

కనుక ఛానళ్ళ లెక్క చూసి మురియవద్దని నా అభిప్రాయం. కారుకు రెండే చాలు, మలుపుకొకటి, వేగానికొకటి. ఫ్లైస్కై జీటీ3బీలో మూడున్నవి. మూడవది మావాడికి ఇంతవరకు పనిపడలేదు. పాత 27 మెగాహెర్ట్జ్ రకంలో ఒకే క్రిస్టల్ నంబరు గల కార్లు రెండు కలిస్తే ఒకదాని ఆజ్ఞ మరొకటి వినేది. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఆ బాధ లేదు. తక్కువ శక్తి పరికరాలకు 2005 నుండి లైసెన్సు అక్కరలేదు. విడి రిసీవరు ధర మాత్రం ముందే అడగండి. ఒక కంపెనీ రిమోటుకు మరొక కంపెనీ రిసీవరు సాధారణంగా పలకదు.

ఫెయిల్‌సేఫ్ విషయంలో అట్టపెట్టె మీది మాట నమ్మకండి. కారును ఇటుకపైకెత్తి, చక్రాలు తిరుగుతుండగా రిమోటు ఆపి చూడండి. మావాడిప్పుడు అలా చూసిన తరువాతనే కారును నేలకు దింపుతున్నాడు.