పలక మీద బాబాయ్ పేరు

డిసెంబర్ వచ్చిందంటే మీ ఫోన్‌లో ఏం మారుతుంది? డీపీకి శాంటా టోపీ వస్తుంది. స్టేటస్‌ల నిండా స్టార్లు మెరుస్తాయి. మా చిన్నప్పుడు మార్కాపురంలో ముందు మారేది ఇంటి గోడ. అమ్మ సున్నం కొట్టేది. నాయన వెదురు బద్దలు చీల్చి స్టార్ కట్టేవాడు. రంగు కాగితాలు, మైదా పిండి బంక పని నాదీ తమ్ముడిదీ. బంక సగం కాగితానికి, సగం మా జుట్టుకు.

కేరల్స్ వాళ్లు ఏ రెండింటికో వచ్చేవాళ్లు. సందు చివర డప్పు మోగగానే అవ్వ లేచి పెద్ద గిన్నెలో టీ పెట్టేది. తెల్లారి మా పని, అరిసెలు, జంతికలు పళ్లెంలో పెట్టుకుని వీధంతా తిరగడం. ఆ పళ్లెం సంక్రాంతికి ఒక ఇంటి నుంచి, రంజాన్‌కు ఇంకో ఇంటి నుంచి నిండుగా తిరిగొచ్చేది. ఖాళీ పళ్లెం వెనక్కి పంపడం మా వీధిలో ఎవరికీ తెలీదు.

మార్కాపురం అంటే పలకలు కదా. నాయన పలకల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఒక ఏడాది పని తగ్గిపోయి హైదరాబాద్‌కి బిల్డింగ్ పనికి వెళ్లాడు. పండగకి వస్తానన్నాడు. 24 రాత్రి దాకా చూశాం. రాలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. "స్టార్ కట్టను, కొత్త చొక్కా తొడుక్కోను" అని మూల కూర్చున్నా.

అవ్వకు చదువు రాదు. అటక మీంచి అంచు విరిగిన పలక ఒకటి తీసి నా ఒళ్లో పెట్టింది.

"మీ నాయన పేరు రాయి."

"ఎందుకవ్వా?"

"రాయి చెప్తా. పీట మీద పెట్టి, ముందర ఆకేసి వడ్డిద్దాం. రాలేనోళ్ల కోసం పండగే మానుకుంటే, వచ్చినోళ్లు ఏమైపోవాల్రా?"

నాయన మూడో రోజు వచ్చాడు. పలక చూసి ఏం మాట్లాడలేదు. అరచేత్తో తన పేరు తానే తుడిచేశాడు. అప్పటి నుంచి అదే మా ఇంటి రూలు. రాలేకపోయినవాళ్ల పేరు పలకెక్కుతుంది. వచ్చినవాళ్లు తమ పేరు తామే చెరుపుకోవాలి.

పని కోసం ఊరు వదలడం మన ప్రాంతానికి కొత్త కాదు. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషన్‌లోని జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వించే కాంట్రాక్టు తీసుకుంటే, కూలి కోసం ఎన్నో ఊళ్ల జనం అక్కడికి నడిచి వెళ్లారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మన కంభం చెరువును నింపేదీ ఆ గుండ్లకమ్మే. తర్వాత కంభంలో, మార్కాపురంలో కూడా మిషన్లు వచ్చాయి. గిద్దలూరు వైపు ఆంగ్లికన్ మిషన్ వాళ్లు పనిచేశారు. ఇప్పుడు కాలువ పని లేదు. హైదరాబాద్, బెంగళూరు ఉన్నాయి. అందుకే మా దగ్గర క్రిస్మస్ అంటే సగం పండగ, సగం ఎదురుచూపు.

అవ్వ పోయిన ఏడాది ఆమె పేరు రాయబోతే అమ్మ ఆపింది. "పోయినోళ్లవి రాయకూడదంట. రాగలిగినోళ్లవే రాయమని మీ అవ్వే చెప్పింది."

ఇప్పుడు అసలు విషయం. ఇంటి వాటా దగ్గర నాకూ తమ్ముడికీ మాట పెరిగింది. వాడు బెంగళూరులో ఉంటాడు. రెండు క్రిస్మస్‌లు రాలేదు. ఆ రెండేళ్లూ నేను వాడి పేరు రాయలేదు. అమ్మ ఏమీ అనలేదు, కానీ పలక వైపు చూసేది కాదు.

పోయినేడు మా పాప, ఒకటో తరగతి, బలపం పట్టుకుని అడిగింది. "నానా, బాబాయ్ రాగలడు కదా? మరి పేరేది?"

నా దగ్గర జవాబు లేదు. అదే రాసింది. "బాబాయ్"లో యకు పొట్ట ఒకటి ఎక్కువే పెట్టింది. ఫోటో తీసి వాడికి పంపా. బ్లూ టిక్ పడింది. రిప్లై లేదు. ఆ రాత్రి వాడి ఆకులో వడ్డించిన అరిసె అమ్మే తీసి దాచింది.

ఏడాదంతా ఆ పేరు పలక మీదే ఉంది. తుడవనివ్వలేదు పాప.

మీ ఇంట్లో కూడా ఏదైనా మొదలుపెట్టాలనుకుంటే పెద్దగా ఖర్చు పెట్టకండి. ఆన్‌లైన్‌లో కొన్న చెట్టు జనవరికి అట్టపెట్టెలోకి పోతుంది. పిల్లల చెయ్యి పడేదీ, అద్దె గదిలో కూడా కుదిరేదీ ఒక్కటి చాలు. ఒక పలక, ఒక బలపం. పలక మన ఊరిదే. పోయినేడు ఎవరి పేరు కావాలనే వదిలేశారో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. ముందు అది రాయండి.

మొన్న రాత్రి పదకొండింటికి తమ్ముడి మెసేజ్ వచ్చింది. హాయ్ లేదు, సారీ లేదు. "మార్కాపురం రోడ్‌లో 24 పొద్దున దిగుతా. కేరల్స్ ఎన్నింటికి?"

"రెండింటికి" అని పెట్టా. పాప అప్పుడే తడిగుడ్డ వెతుకుతోంది. వద్దని చెప్పా. వాడి పేరు వాడే చెరుపుకోవాలి.