గ్రాఫీన్ బేరం: పేరు ఒకటి, సరుకులు మూడు

రంగులు, రబ్బరు, ప్లాస్టిక్, బ్యాటరీ పరిశ్రమలకు ముడిసరుకులు అందించే వర్తకులను ఇప్పుడు ఆకర్షిస్తున్న పేరు గ్రాఫీన్. పేరుకు గిరాకీ వున్నది. బేరం ఖాయం చేసుకోవడానికి అమ్మేవారు, కొనేవారు ఉభయులూ అంగీకరించే రకాలు మాత్రం బజారులో ఇంకా స్థిరపడలేదు. ఆ లోటు తీరేవరకు కేవలం పేరు చూసి సరుకు కొని నిలవ చేయడం జూదంతో సమానం.

గ్రాఫైటులోని ఒక్క పొరకే గ్రాఫీన్ అని పేరు. పెన్సిలు ములుకులో వుండే గ్రాఫైటు కార్బన్ పొరల దొంతర. 1 మిల్లీమీటరు మందంలో సుమారు 30 లక్షల పొరలు వుంటాయి. మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఆండ్రి గైమ్, కాన్‌స్టాంటిన్ నొవోసెలోవ్‌లు 2004లో మామూలు అంటుడు టేపుతో ఈ పొరను విడదీసి చూపారు. అందుకు 2010లో వారికి భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

గుణాలకు వంక పెట్టడానికి లేదు. చదరపు మీటరు పొర బరువు 1 మిల్లీగ్రాముకు లోపే. బలంలో మామూలు ఉక్కు కంటె 100 రెట్లకు పైగా మిన్న. వేడిని ప్రసరింపజేయడంలో రాగిని ఎన్నో రెట్లు మించుతుంది. అయితే ఈ అంకెలన్నీ లోపం లేని ఒంటి పొరకు చెందినవి. సంచీలో వచ్చే పొడికి అవే అంకెలు తగిలించి ధర చెప్పేవారి పట్ల జాగ్రత్త అవసరం.

ఈ పేరుతో బజారుకు వచ్చేవి ముఖ్యంగా మూడు సరుకులు. మొదటిది, రాగి రేకు మీద మీథేన్ వాయువు సాయంతో పెంచే పలుచని పొర. దీన్ని చదరపు సెంటీమీటర్ల లెక్కన అమ్ముతారు. ప్రయోగశాలలు, సెన్సార్ల తయారీదార్లు కొంటారు. రెండవది, గ్రాఫైటును చీల్చి తీసే పొడి. ఇది కిలోల లెక్కన రబ్బరు, ప్లాస్టిక్, రంగులు, కాంక్రీటుకు పోతుంది. మూడవది, ఆమ్లాలతో తయారయ్యే గ్రాఫీన్ ఆక్సైడు. దీని తయారీకి 1958 నాటి హమ్మర్స్ పద్ధతి ఆధారం. నీటిలో కలిపి లీటర్ల లెక్కన కూడ అమ్ముతారు. ఆక్సైడు విద్యుత్తును దాదాపు ప్రసరింపనీయదు. బ్యాటరీల వారికి పొడి బదులు దీన్ని పంపితే సరుకు తిరిగి రాక తప్పదు.

వర్తకులకు చిక్కంతా పొడితోనే. 2017లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఇచ్చిన నిర్వచనం ప్రకారం 10 పొరలకు మించినది గ్రాఫీన్ కుటుంబంలోకి రాదు. 2018లో సింగపూర్ పరిశోధకులు 60 కంపెనీల సరుకును పరీక్షించి ఫలితాలు ప్రకటించారు. అత్యధిక కంపెనీల పొడిలో అసలు గ్రాఫీన్ 10 శాతానికి లోపే వున్నది. 50 శాతం దాటినది ఒక్కటీ లేదు. అంటే 100 కిలోలకు ధర చెల్లించినవారికి చాలా సందర్భాలలో 10 కిలోలైనా దక్కలేదన్న మాట. మిగిలినదంతా సన్నని గ్రాఫైటే.

గుంటూరు మిర్చికి రంగు, తేమ, తాలు చూస్తారు. నిజామాబాద్ పసుపుకు కాడి వేరు, గోళ వేరు. గ్రాఫైటుకు సైతం కార్బన్ శాతం, పలుకు పరిమాణం చూసి ధర కట్టే ఆనవాయితీ పాతదే. గ్రాఫీన్‌కూ ఇటువంటి కొలతలు లేకపోలేదు. గ్రాము ఒంటి పొరకు ఉపరితల వైశాల్యం లెక్క ప్రకారం 2,630 చదరపు మీటర్లు. 10 పొరల సరుకుకు 263 ప్రాంతం. పరీక్ష నివేదికలో 30 అని వుంటే అది సగటున 80కి పైగా పొరలున్న గ్రాఫైటు. మసి వంటి ఇతర కార్బన్ కలిపినా ఈ అంకె పెరుగుతుంది గనుక, రామన్ పరీక్ష కూడ తోడు వుండాలి. పైగా ద్రవం నుంచి తీసి ఆరబెట్టేటప్పుడు పొరలు మళ్లీ అంటుకుపోయే గుణం వున్నది. కాబట్టి పరీక్ష తయారీదారు మచ్చుకు కాక, చేతికి వచ్చిన సరుకుకే జరగాలి.

రంగు బాగా పట్టినా, రబ్బరు గట్టిపడినా చాలును, పొరల లెక్క ఎందుకు అనే తయారీదార్లు వున్నారు. ఆ వాదనలో సబబు లేకపోలేదు. మందమైన పలుకులు పనికివచ్చే చోట్లు వున్నాయి. అటువంటి చోట మందమైన పలుకుల ధరే చెల్లించాలి. గ్రాఫీన్ ధర ఎందుకు?

వాడకం పరిమాణాన్ని కూడ గమనించాలి. 2018లో ఫోర్డ్ కంపెనీ కార్ల ఇంజను భాగాల కప్పులకు వాడే నురుగు పదార్థంలో గ్రాఫీన్ కలపనున్నట్లు ప్రకటించింది. కలిపే పాలు అర శాతానికి లోపే. వాడే కర్మాగారాలు పెరిగినా, ఒక్కొక్క చోట ఖర్చయ్యే సరుకు తక్కువ. టన్నుల్లో నిలవ చేసినవారి పెట్టుబడి చిక్కుబడే ప్రమాదం వున్నది.

ముడిసరుకు లభ్యత విషయంలో చైనా వైపు చూడక తప్పదు. ప్రపంచంలో తవ్వి తీసే గ్రాఫైటులో అధిక భాగం అక్కడిదే. 2023 డిసెంబరు 1 నుంచి ఆ దేశం కొన్ని రకాల గ్రాఫైటు ఎగుమతికి అనుమతి తప్పనిసరి చేసింది. తూర్పు కనుమల శిలల్లో, విశాఖపట్నం, విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల్లోను, ఖమ్మం వైపు, గ్రాఫైటు నిక్షేపాలున్నాయి. శుద్ధి చేస్తే తప్ప ఈ ఖనిజం పనికిరాదు. అయినా రకాలు, ధరలు తెలిసిన సరుకు గనుక మన వర్తకులకు ఈ రంగంలో తొలి అవకాశం గ్రాఫైటులోనే కనిపిస్తున్నది.

పొడి గ్రాఫీన్‌ను పరీక్షించే పద్ధతికి 2021లో అంతర్జాతీయ ప్రమాణం వెలువడింది. దాని ఆధారంగా వర్తక సంఘాలు ఒక కాంట్రాక్టు నమూనాను సిద్ధం చేసుకోవాలి. పొరల సంఖ్య, పలుకు పరిమాణం, ఉపరితల వైశాల్యం, ఆక్సిజన్ శాతం అనే నాలుగు అంకెలు బిల్లు మీదకు రావాలి. తేడా వస్తే మూడవ పక్షం పరీక్షకు ఉభయులూ కట్టుబడాలి. ఆ నాలుగు అంకెలు రాసి ఇవ్వడానికి సిద్ధపడని అమ్మకందారుకు బయానా ఇవ్వకపోవడమే మేలు.