చేతిపనుల పుట: తల కొలిచాకే కిరీటం



ఈ సంచిక మీ చేతికి అందేసరికి నవంబరు నెల నడుస్తూ ఉంటుంది. క్రిస్మస్ నాటికకు పిల్లల పేర్లు రాసుకోవడం, మరియమ్మ ఎవరు, యోసేపు ఎవరు, గొర్రెల కాపరులు ఎందరు అన్న వాదులాటలు మీ సంఘాలలోనూ మొదలై ఉంటాయి. వేషాలకు కావలసిన చీరలు, దుప్పట్లు, తువ్వాళ్లు మన ఇళ్లలోనే ఉంటాయి. చిక్కంతా తలల దగ్గరే వస్తుంది. కాపరులకు తువ్వాలు చుట్టేస్తే సరిపోతుంది గాని, తూర్పు దేశపు జ్ఞానులకూ హేరోదు రాజుకూ ఏం పెట్టాలి? అట్ట కిరీటం మంచుకు మెత్తబడుతుంది, స్టాప్లర్ పిన్ను నుదుటిని గీరుతుంది. థర్మాకోల్ చేస్తుండగానే పొడిపొడిగా రాలుతుంది. అందుకని ఈ నెల రంగు ఫోమ్ షీట్లతో టోపీలు, కిరీటాలు చేసే పద్ధతి రాస్తున్నాను.

పద్ధతికి ముందు నా పొరపాటు ఒకటి చెప్పాలి.

రెండేళ్ల క్రితం మా సంఘంలో నేనే ఫోమ్ షీట్లు తెచ్చి మూడు కిరీటాలు చేశాను. చూడముచ్చటగా వచ్చాయి. మూడూ ఒకే కొలత. ఎవరి కొలత అంటే, మా ఇంట్లో ఉన్న మా అబ్బాయి తల కొలత. వాడు తొమ్మిదో తరగతి. నాటికలో మూడో జ్ఞాని వేషం వేసిన పిల్లవాడికి ఏడేళ్లు. పైగా నెల ముందు విషజ్వరం వచ్చి తగ్గాక వాళ్ల నాయనమ్మ గుండు చేయించింది. బోళం పెట్టె పట్టుకుని వాడు నాలుగు అడుగులు వేశాడో లేదో, కిరీటం జారి కళ్ల మీదికి, అక్కడి నుంచి ముక్కు మీదికి వచ్చింది. చేతులు ఖాళీ లేవు. దారి కనిపించక పశువుల తొట్టి తన్నుకుని పడ్డాడు. గుడి నిండా నవ్వులు. నేనూ నవ్వాను, దాచడమెందుకు.

ఆ తరువాత వాడు సండే స్కూలుకు రాలేదు. జనవరి వెళ్లింది, ఫిబ్రవరి వెళ్లింది. ఇంటికి వెళ్లి అడిగితే నాయనమ్మ, "మావాడు గుడికొస్తే అందరూ నవ్వుతారంటన్నాడు టీచరమ్మా, నేనేం సేసేది" అంది. వాడు తలుపు చాటు నుంచి బయటికి రాలేదు. అంత సేపు కూర్చుని షీటు కోసినదాన్ని, వాడి తల చుట్టూ ఒక్కసారి టేపు పెట్టి చూడడానికి నాకు నిమిషం పట్టేది కాదు. ఆ రోజు నుంచి టేపు లేకుండా కత్తెర పట్టుకోవడం మానేశాను.

ఇక ఫోమ్ సంగతి. మనం చేతిపనులకు వాడే ఈ షీటును ఈవీఏ ఫోమ్ అంటారు. ఇథిలీన్ వినైల్ ఎసిటేట్ అనే ప్లాస్టిక్కును సన్నని గాలి బుడగలతో ఉబ్బించి చేస్తారు. తేలికపాటి చెప్పుల అడుగులు, పిల్లలు ఆడుకునే మెత్తటి చాపలు కూడా దీనితోనే చేస్తారు. బుడగ దేనికది మూసుకుని ఉంటుంది కనుక నీరు పీల్చదు. సబ్బు నీళ్లలో ముంచిన గుడ్డతో తుడిస్తే శుభ్రమవుతుంది. ఒకే టోపీ పది తలలు మారే సండే స్కూలులో ఇది చిన్న లాభం కాదు, పేల సంగతి తల్లులకు చెప్పనక్కరలేదు. చెమటను కూడా పీల్చదు కాబట్టి ఎండాకాలంలో పెట్టే టోపీకి పైన నాలుగు చిల్లులు పొడవండి. స్టేషనరీ కొట్లలో ఎక్కువగా దొరికేది 2 మి.మీ. మందం, 21 సెం.మీ. వెడల్పు, 29.7 సెం.మీ. పొడవు ఉన్న షీటు.

ఇలాంటి మెత్తని, తేలికైన సరుకుతో టోపీలు చేయడం మన దేశానికి కొత్త కాదు. చెరువుల్లో పెరిగే జీలుగు బెండును పలచగా చీల్చి, అచ్చు మీద పొరలు పొరలుగా అంటించి వెనకటి దొరల టోపీలు చేసేవారు. పాత మిషనరీల ఫొటోలలో తెల్లని గుండ్రటి టోపీ కనిపిస్తే అది చాలావరకు బెండు టోపీయే. బెండు పనివారికి తెలిసిన కిటుకే మనకూ కావాలి. బల్లపరుపుగా ఉన్నదాన్ని గుండ్రటి తల మీద కూర్చోబెట్టాలంటే ఎక్కడో ఒకచోట కోసి కలపక తప్పదు. జాకెట్టుకు టక్కు వేస్తే గుడ్డ ఒంటిని అంటినట్టే.

ముందు కొలత. టేపును కనుబొమ్మలకు వేలెడు పైన పెట్టి, చెవుల మీదుగా, వెనుక బాగా ఉబ్బెత్తుగా ఉన్నచోట చుట్టి తీయండి. ఆడపిల్లలకైతే నాటిక రోజున ఎలా జడ వేస్తారో అలా వేయించి అప్పుడు కొలవండి. ఎనిమిదేళ్ల పిల్లవాడికి 51 సెం.మీ. వచ్చిందనుకుందాం. సరిగ్గా 51కే కోస్తే కిరీటం బిగుతవుతుంది. ఎందుకంటే షీటుకు మందం ఉంది. గుండ్రంగా వంచినప్పుడు బయటి వైపు సాగి, లోపలి వైపు కుదించుకుపోతుంది. లోపలి చుట్టుకొలత ఎంత తగ్గుతుందో లెక్క తేలికే: మందానికి సుమారు మూడు రెట్లు. 2 మి.మీ. షీటుకు అర సెంటీమీటరు పైచిలుకు, 5 మి.మీ. షీటుకు ఒకటిన్నర. దానికి తల ఊపిరాడేందుకు ఇంకొంచెం కలపండి. మన 51 తలకు 52 సెం.మీ. కోత పెట్టుకుందాం.

ఒక్క షీటులో ఒక కిరీటం ఇలా వస్తుంది. షీటు పొడవులో 27 సెం.మీ. కోసుకోండి. వెడల్పులో 18 సెం.మీ. తీసుకుని, మధ్యలో రంపపు పళ్లలా ఒకే ఒక గీత గీయండి. పన్ను ఎత్తు 6 సెం.మీ., అడుగు వెడల్పు 9 సెం.మీ. ఉండాలి. పళ్లకు పైన 6, కింద 6 సెం.మీ. పట్టీ మిగలాలి. ఆ గీత వెంట కోస్తే ఒక దాని పళ్లు ఇంకొక దాని సందుల్లోంచి ఊడి, రెండు పట్టీలు వస్తాయి. ఒక దానికి మూడు నిండు పళ్లు ఉంటాయి. రెండో దానికి రెండు నిండు పళ్లు, రెండు చివరల్లో సగం పళ్లు ఉంటాయి. ఆ సగం పళ్లను కోసెయ్యండి. మూడు పళ్ల పట్టీ నుదుటి మీదికి, రెండు పళ్లది వెనక్కి. రెండు చెవుల దగ్గర ఒక్కొక్క సెంటీమీటరు ఒకదానిపై ఒకటి వచ్చేలా అతికిస్తే సరిగ్గా 52 సెం.మీ. షీటులో మిగిలిన 3 సెం.మీ. ముక్కను నుదుటి దగ్గర లోపలి వైపు అంటించండి, ఒరిపిడి ఉండదు. పెద్దవాళ్ల తల 57, 58 సెం.మీ. ఉంటే వెనుక ఇంకో చిన్న ముక్క చేర్చుకోవాలి.

అయితే ఇక్కడ ఒక మాట. జ్ఞానులకు కిరీటం ఎందుకు పెడుతున్నామో ఎప్పుడైనా ఆలోచించారా? మత్తయి సువార్త వారిని రాజులని అనలేదు, ముగ్గురని కూడా అనలేదు. చెప్పినవి మూడు కానుకలు మాత్రమే. రోములోని నాలుగవ శతాబ్దపు క్రైస్తవ రాతి శవపేటికల మీద చెక్కిన జ్ఞానులకు కిరీటాలు ఉండవు, ముందుకు వంగిన మొన గల తూర్పు దేశపు టోపీలు ఉంటాయి. కిరీటాలు పదవ శతాబ్దం ప్రాంతంలో బొమ్మల్లోకి వచ్చాయి. కిరీటం పెట్టడం తప్పని నేననను. కాని కిరీటాన్ని హేరోదుకు వదిలేసి జ్ఞానులకు ఆ టోపీ చేస్తే, ఎవరు రాజో ఎవరు బాటసారులో వెనుక చాప మీద కూర్చున్న ముసలమ్మకు కూడా తెలుస్తుంది. పైగా మొన టోపీ తల నిండా కూర్చుంటుంది, జారదు.

దీనికి తలకు రెండు షీట్లు కావాలి. పక్క నుంచి చూస్తే టోపీ ఎలా ఉంటుందో ఆ ఆకారం ముందు పాత వార్తాపత్రిక మీద గీసుకోండి. అడుగు 27 సెం.మీ., ఎత్తు 20 సెం.మీ., కొస గుండ్రంగా ముందుకు వాలాలి, చిలక ముక్కులాగా. ఆ కాగితం పెట్టి రెండు షీట్లూ కోసి, ఒకదానిపై ఒకటి పెట్టి, అంచు నుంచి అర సెంటీమీటరు లోపలగా లావు దారంతో కుట్టండి. అడుగు మాత్రం వదిలెయ్యాలి. కుట్లు మరీ దగ్గరగా వేయకండి, స్టాంపు చిల్లుల వెంట చిరిగినట్టు చిరుగుతుంది. తరువాత తలగడ గలీబు తిప్పినట్టు లోపలిది బయటికి తిప్పి, కొసలో గుడ్డపీలికలు కూరితే వాలు నిలబడుతుంది. అడుగు చుట్టూ జరీ అంచు ముక్క అంటిస్తే ఇంకా బాగుంటుంది.

రోమా సైనికుడి శిరస్త్రాణం ఈస్టరు నాటికకు పనికొస్తుంది. (హేరోదుకు సొంత సైన్యం ఉండేది కనుక బేత్లెహేముకు రోమా సైనికులను పంపనక్కరలేదు.) ఇది కొంచెం కష్టమే. నారింజ తొక్కను ఆకుల్లా విడదీసి బల్ల మీద పరిచినట్టు ఊహించుకోండి, మనం ఆ పనిని వెనక నుంచి ముందుకు చేస్తాం. తల 53 సెం.మీ. ఉంటే 3 మి.మీ. షీటుకు 54 పెట్టుకుని, ఆరు ఆకులుగా పంచితే ఒక్కొక్క దాని అడుగు 9 సెం.మీ. ఎత్తు 54లో నాలుగో వంతు, అంటే పదమూడున్నర. అంచులు తిన్నగా గీస్తే టోపీ గుండ్రం రాదు, గుడారమవుతుంది. అడుగు నుంచి నాలుగున్నర సెం.మీ. ఎత్తులో ఆకు వెడల్పు 7.8 ఉండాలి, 9 సెం.మీ. ఎత్తులో 4.5 ఉండాలి, పైన మొన. ఈ చుక్కలను వంపుగా కలపండి. ఒక షీటులో మూడు ఆకులు పడతాయి. రెండు షీట్లు చాలు, మిగిలిన పట్టీల్లో చెంపల రేకులు, మెడ వెనుక రేకు వస్తాయి. శతాధిపతికి మాత్రం పైన ఎర్ర కుచ్చు ఈ చెవి నుంచి ఆ చెవికి అడ్డంగా పెట్టండి. శతాధిపతులను గుర్తుపట్టడానికి అలాగే ఉండేది.

అతుకులకు మామూలు తెల్ల జిగురు నిలవదు. నీరు పీల్చని దానిలోకి అది దిగదు. చెప్పులు కుట్టేవారు వాడే పసుపు రంగు జిగురు మంచిది. రెండు అంచులనూ గరుకు కాగితంతో కొద్దిగా రుద్ది, రెండింటికీ పలచగా పూసి, పది నిమిషాలు ఆరనిచ్చి, వేలికి అంటనప్పుడు కలిపి నొక్కాలి. ఒకసారి అంటుకుంటే మళ్లీ సర్దడానికి వీలుండదు. ఆ జిగురు వాసన పీల్చితే తల తిరుగుతుంది, మంట తగిలితే భగ్గున అంటుకుంటుంది. పెద్దవాళ్లే, వరండాలో కూర్చుని, పొయ్యికీ దీపానికీ దూరంగా చేయాలి.

వంపు కావలసిన చోట వేడి సాయం చేస్తుంది. కరెంటు ఇస్త్రీ పెట్టెను తక్కువ వేడిలో పెట్టి, మధ్యలో కాగితం వేసి, ముక్కను కొద్ది క్షణాలు ఆనిస్తే మెత్తబడుతుంది. వెంటనే బోర్లించిన గిన్నె మీద నొక్కి చల్లారేదాకా పట్టుకుంటే ఆ వంపు ఉండిపోతుంది. బొగ్గుల పెట్టెతో ప్రయత్నించకండి, వేడి మన చేతిలో ఉండదు.

వేడికి మెత్తబడేది మంటకు కరుగుతుంది, అంటుకుంటుంది కూడా. కరిగి కారే బొట్టు చర్మానికి అతుక్కుని కాలుస్తుంది. మన గుడులలో నాటిక అయిన వెంటనే కొవ్వొత్తుల ఆరాధన పెట్టడం రివాజు. వేషాలు విప్పని పిల్లలు వరుసలో నిలబడి, ముందున్న వారి తల వెనుకే కొవ్వొత్తి పట్టుకుంటారు. దయచేసి మీ పాస్టరు గారితో ముందే మాట్లాడి, కొవ్వొత్తి వెలిగించే ముందు ప్రతి టోపీ, ప్రతి కిరీటం ఒక గంపలో పడేలా ఒకరికి బాధ్యత అప్పగించండి. పాట ఒక చరణం ఎక్కువ పాడినా ఫరవాలేదు.

పండుగ అయ్యాక వీటిని మడిచి పెట్టెల్లో కుక్కకండి, మడత పోదు. లోపల వార్తాకాగితం ఉండలు పెట్టి గుడ్డ సంచిలో వేస్తే మరో రెండు మూడు పండుగలకు వస్తాయి. లోపలి అంచున కొలత రాసి ఉంచండి, పేరు కాదు. పిల్లలు పెరుగుతారు, టోపీ పెరగదు.

మా మూడో జ్ఞాని సంగతి అడుగుతారేమో. కిందటి ఏడు అక్టోబరులో టేపు, పాత కాగితాలు పట్టుకుని వాళ్ల ఇంటికి వెళ్లాను. నాటిక మాట ఎత్తకుండా, "నాన్నా, కొలతలు రాసుకోవడానికి నాకొక మనిషి కావాలి, వస్తావా" అన్నాను. మొదటి ఆదివారం గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. రెండో ఆదివారం ఇరవై ఇద్దరు పిల్లల తలలు కొలిచాడు. నా తల కూడా కొలిచి, "మీది యాభై ఆరు టీచరు గారూ" అని పైకి చదివాడు. నాటికలో వేషం మాత్రం వద్దన్నాడు, తెర వెనుక టోపీలు అందించాడు. ఈ ఏడు హేరోదు వేషం కావాలంటున్నాడు. మొన్న ఆదివారం కొలిస్తే 51న్నర వచ్చింది. కిరీటం నన్ను ముట్టుకోనివ్వడట, తనే కోసుకుంటాడట. రెండు షీట్లు ఇచ్చి పంపాను, ఒకటి పాడైనా ఇంకొకటి ఉంటుందని.